పుట్టినరోజుకు అరకులో పుస్తకం: నాలుగు రోజుల లెక్క

అరకు వెళ్ళేవాళ్ళలో చాలామంది సంచీలో ఒక పుస్తకం వేసుకుంటారు. తిరిగొచ్చాక తెరిచి చూస్తే 12వ పేజీ దగ్గర రైలు టికెట్టు పెట్టి ఉంటుంది. చూడాల్సిన చోట్లన్నీ ముందు రాసుకుని, మిగిలిన వేళల్లో చదువుకుందాం అనుకోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. మిగిలిన వేళల్లో నిద్ర వస్తుంది. పుట్టినరోజు పేరు చెప్పి వెళ్తే కేకు, ఫోన్లు, ఫొటోలు కూడా తోడవుతాయి. అందుకే ఈ ప్రయాణం లెక్క తిరగేసి వేసుకోవాలి. ముందు చదివే గంటలు రాసుకుని, చూసేవాటిని వాటి మధ్యలో సర్దాలి. పుట్టినరోజు నాడు మాత్రం ఊరు చూసే పని ఒక్కటీ పెట్టుకోకూడదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. శని, ఆదివారాల్లో మాత్రం వరండాలో కుర్చీ వేసుకుంటే పక్క గదివాళ్ళ స్పీకరు పాటలు వినాల్సిందే. పుట్టినరోజు ఆదివారం పడిందా, ఇంట్లో భోజనాలు కానిచ్చి సోమవారం బయల్దేరడం మేలు. పుస్తకానికి తిథి, వారం పట్టింపు లేదు. కింది నాలుగు రోజులు డిసెంబరు మొదటి వారంలో నలుగురు మనుషులకు వేసినవి. పుట్టినరోజు బుధవారం.

సోమవారం, విశాఖపట్నం

అరకు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్ళే బండి విశాఖ నుంచి పొద్దున్న 7 గంటల లోపే కదులుతుంది. నంబరు, వేళ అప్పుడప్పుడూ మారుతుంటాయి, టికెట్టు తీసేటప్పుడే సరిచూసుకోవాలి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో రాత్రి బండిలో వచ్చి అదే పొద్దున్న దీన్ని అందుకుందామంటే, ఆ రాత్రి బండి గంట ఆలస్యమైతే చాలు, రోజంతా పోతుంది. సోమవారం సాయంత్రానికే విశాఖ చేరి, ఆ రాత్రి పుస్తకాల సంచీ సర్దుకోవడం నయం.

ఎన్ని పుస్తకాలు? తీరుబడిగా చదివితే తెలుగు పుస్తకం గంటకు 25 పేజీలు సాగుతుంది. వెళ్ళేటప్పుడు రైల్లో గంటన్నర, ఆ మధ్యాహ్నం 2 గంటలు, పుట్టినరోజు నాడు 5, ఆఖరి రోజు పొద్దున్న 1, తిరుగు రైల్లో 2. మొత్తం పదకొండున్నర గంటలు, అంటే 290 పేజీలకు కాస్త అటూ ఇటూ. 200 పేజీల నవల ఒకటి, సన్నపాటి కథల సంపుటి ఒకటి, ఎక్కడ తెరిచినా చదవగలిగే కవిత్వం ఒకటి, అంతే. 70 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద అచ్చయిన 200 పేజీల డెమ్మీ (మామూలు నవలల సైజు) పుస్తకం పావుకిలోకి కాస్త తక్కువే తూగుతుంది కాబట్టి బరువు సమస్య కాదు. ఆరు పుస్తకాలు తీసుకెళ్తే ఏది చదవాలో తేల్చుకోలేక ఆరింటిలోనూ ముందుమాటలు చదివి వస్తారు.

నవలైతే మొదటి 30 పేజీలు ఇంట్లోనే చదివేసి బయల్దేరాలి. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియని దశలో రైలెక్కితే, ఛాయ్ అబ్బాయి వచ్చిన ప్రతిసారీ వెనక్కి తిప్పుకోవాల్సి వస్తుంది. పుట్టినరోజు కానుకగా ఇచ్చే కొత్త పుస్తకానికి ఈ సూత్రం కుదరదు కాబట్టి అది కథల సంపుటో వ్యాసాలో అయితే బాగుంటుంది. కానుక పుస్తకం మీద జెల్ పెన్నుతో రాసి వెంటనే మూస్తే ఎదురు పేజీకి అంటుకుంటుంది. నిమిషంపాటు తెరిచి ఉంచాలి, లేదా మామూలు బాల్ పెన్ను వాడాలి. తేదీతో పాటు ఊరి పేరూ రాస్తే పదేళ్ళ తర్వాత అల్మరా సర్దేటప్పుడు పనికొస్తుంది.

బైండింగు కూడా చూసుకోవాలి. దారంతో కుట్టిన పుస్తకం ఒళ్ళో పెడితే దానంతటదే తెరుచుకుని ఉంటుంది. వీపుకి జిగురు మాత్రమే వేసినదాన్ని చలిలో బలవంతంగా విప్పితే జిగురు పెళుసెక్కి పగులుతుంది, మధ్య కాగితాలు ఊడి వస్తాయి. అలాంటివాటిని ముందు రాత్రే అటు పది పేజీలు, ఇటు పది పేజీలు చొప్పున చివర్ల నుంచి మధ్యకు మెల్లగా నొక్కుతూ తెరవాలి.

ఫోన్లో చదివేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఘాట్‌లో సిగ్నలు పోతూ వస్తూ ఉంటుంది, కావలసినవి సోమవారం రాత్రే దించుకోవాలి. తెలుగు కథల కోసమే ఉన్న గ్రంథాలయం, శ్రీకాకుళం కథానిలయం, పాత కథలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. ఉత్తరాంధ్ర వెళ్తూ ఉత్తరాంధ్ర కథలు చదవాలనుకునేవాళ్ళకు అంతకంటే మంచి చోటు లేదు. కాకపోతే స్కాన్ చేసిన పేజీ 6 అంగుళాల ఈ-రీడరులో కుంచించుకుపోయి, ఒత్తులూ గుడులూ కలిసిపోయి కనిపిస్తాయి. పేజీ చుట్టూ ఉన్న అంచులు కత్తిరించుకున్నా, రీడరును అడ్డంగా తిప్పుకున్నా కొంత మెరుగు. 10 అంగుళాల ట్యాబ్ ఉంటే ఆ బాధే లేదు.

సంచీలో ఇవి కూడా ఉండాలి: పుస్తకానికొక జిప్ కవరు, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం, పుస్తకానికి తగిలించే చిన్న క్లిప్ దీపం (పసుపుపచ్చని వెలుగుది, తెల్లనిది రాత్రి కళ్ళను లాగుతుంది), దళసరి అట్టముక్క ఒకటి. అట్టముక్క ఎందుకో మంగళవారం తెలుస్తుంది. పాయసానికి ఇంట్లోనే నేతిలో వేయించిన 100 గ్రాముల సేమ్యా, 10 జీడిపప్పులు, 120 గ్రాముల పంచదార, నాలుగు ఏలకులు విడివిడి పొట్లాల్లో కట్టుకోవాలి. కేకు విశాఖలో కొంటే క్రీము లేనిదే కొనాలి. నాలుగు గంటల కుదుపులకు క్రీము కేకు డబ్బా మూతకు అంటుకుపోతుంది, ఆ జిడ్డు చేతులతో పుస్తకం ముట్టుకుంటే మరక ఇక పోదు. ఎండుఫలాల కేకును స్టీలు డబ్బాలో పెడితే మూడు రోజులైనా బాగుంటుంది.

మంగళవారం, రైలు

కిటికీ సీటు కోసం అందరూ కుడివైపు ఎగబడతారు, ఎక్కువ లోయలు అటే కనిపిస్తాయి. చదివేవాళ్ళకు ఎడమవైపు లాభం. బండి వాయవ్యంగా పోతుంటే పొద్దుటి ఎండ కుడివైపు నుంచీ వెనక నుంచీ పడుతుంది, ఎడమవైపు పేజీ మీద నీడ నిలకడగా ఉంటుంది. అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టె చూడ్డానికి గొప్పది, చదవడానికి కాదు. పైనుంచి పడే వెలుగుకు తెల్ల కాగితం మెరుస్తుంది, చుట్టూ జనం లేచి నిలబడి ఫొటోలు తీస్తుంటారు. మామూలు కూర్చునే పెట్టె చాలు.

కొత్తవలస దాటాక బండి కిరండూల్ దారి పడుతుంది. మల్లివీడు, లక్కవరపుకోట, శృంగవరపుకోట. ఇంతవరకూ నేల చదునుగానే ఉంటుంది, దాదాపు గంటన్నర. ఈ రోజుకు రైలు చదువు ఇదే. టిఫిను స్టేషన్లోనే ముగించుకుని ఎక్కితే ఈ గంటన్నర చేతికి దక్కుతుంది, లేకపోతే ఇడ్లీ పొట్లాలు విప్పడం దగ్గరే సగం పోతుంది.

బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది, పుస్తకం మూసేయాలి. విశాఖ నుంచి అరకు వరకు 58 సొరంగాలు చెబుతారు, వాటిలో ఎక్కువ భాగం ఇక్కడి నుంచి షిమిలిగుడ దాకానే. సొరంగంలోకి వెళ్ళగానే చీకటి, బయటికి రాగానే కళ్ళు జిగేలుమంటాయి. ఆ వెలుగుకి కళ్ళు అలవాటు పడే లోపే మరో సొరంగం వస్తుంది. పట్టుబట్టి చదివితే అరగంటలో తలనొప్పి ఖాయం. ఏదో కథ ఆఖరి పేజీలో ఉండి మూయలేనివాళ్ళకే ఆ అట్టముక్క: చదువుతున్న వరస కింద ఆనించి పట్టుకుంటే వెలుగు తిరిగి రాగానే వరస వెతుక్కోనక్కరలేదు. అయినా త్యాడ, చిమిడిపల్లి ప్రాంతంలో కిటికీ వదిలి పేజీ చూసేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. అక్టోబరు ఆఖరు నుంచి డిసెంబరు దాకా పైన లోయలో వలిసె పూలు విరగబూసి పొలాలన్నీ పచ్చగా, పసుపు ఆరబోసినట్టు ఉంటాయి. వాటిని ఫొటో తీసుకోవడానికి పొలంలోకి దిగితే రైతుకు నష్టం. కొందరు అందుకు డబ్బు తీసుకుంటారు, అది న్యాయమే.

షిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినదిగా చాలాకాలం దీనికి పేరు. అక్కడి నుంచి అరకు కాసేపే, మధ్యాహ్నానికి ముందే దిగుతారు.

రైలు దొరక్క బస్సులోనో కారులోనో వస్తే దారిలో చదవడం మాట మరచిపోవాలి. మలుపుల్లో చెవిలోని సమతూకం ఒళ్ళు ఊగుతోందని చెబుతుంటే, పేజీ మీదున్న కళ్ళు ఏమీ కదలడం లేదంటాయి. ఆ రెంటికీ పొత్తు కుదరకే కడుపులో తిప్పుతుంది. అనంతగిరి ఘాట్‌లో రెండో పేజీకే ఆ సంగతి తెలిసిపోతుంది.

గది తీసుకునేటప్పుడు నాలుగు విషయాలు అడగాలి: వరండా ఏ దిక్కుకు ఉంది, వేడినీళ్ళు ఏ వేళల్లో ఇస్తారు, కరెంటు పోతే జనరేటరు గీజరుకు కూడా పనిచేస్తుందా, వంటింట్లో లీటరు పాలతో పాయసం కాచి ఇస్తారా. ఆఖరుదాన్ని ముందు రోజే అడిగితే ఎవరూ కాదనరు. పొద్దున్న టిఫిన్ల రద్దీలో అడిగితే ఎవరూ పట్టించుకోరు. వరండా దక్షిణానికో ఆగ్నేయానికో ఉంటే చలికాలం ఎండ పగలంతా తగులుతుంది.

భోజనమయ్యాక ఊళ్ళోనే ఉన్న గిరిజన మ్యూజియం, పక్కనే కాఫీ మ్యూజియం చూసేయవచ్చు, గంటన్నర చాలు. మూడింటికల్లా కుర్చీలో ఉండాలి. కారణం, అరకులో డిసెంబరు పొద్దు సాయంత్రం ఐదున్నరకు ముందే గుంకుతుంది. హైదరాబాద్‌తో పోలిస్తే దాదాపు 20 నిమిషాలు ముందు. చుట్టూ కొండలు కాబట్టి ఎండ అంతకు ముందే లోయ వదిలిపోతుంది. 5 గంటలకు అక్షరాలు మసకబారతాయి, 6 గంటలకు చెవులకు మఫ్లరు కావాలి. ఊరికి ఆనుకుని ఉన్న పద్మాపురం తోటలో మామూలు రోజుల్లో చెట్ల కింద బల్లలు ఖాళీగానే ఉంటాయి, ఈ రెండు గంటలు అక్కడ గడిపినా బాగుంటుంది. బల్ల మీద కూర్చునే ముందు తడి, చీమలు చూసుకోవాలి.

బుధవారం, పుట్టినరోజు

అర్ధరాత్రి 12కి లేపి కేకు కోయించడం ఈ రోజుకు పెద్ద గండం. ఒంటిగంటకు పడుకున్నవాళ్ళు మర్నాడు భోజనం తర్వాత పుస్తకం గుండెల మీద పెట్టుకుని గుర్రు పెడతారు. ఐదు గంటల చదువులో రెండు గంటలు అక్కడే పోతాయి. కేకు సాయంత్రానికి ఉంచాలి.

పొద్దున్న ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా మంచు కురుస్తూనే ఉంటుంది. కుర్చీ చేతులు, రెయిలింగు తడిసి ఉంటాయి. రాత్రి వరండాలో మరచిపోయిన పుస్తకం అట్ట ఉబ్బి, పేజీలు అలల్లా తేలిపోయి దొరుకుతుంది. ఈ వేళ చదువుకు పనికిరాదు, తలంటుకు సరిగ్గా సరిపోతుంది. 15 లీటర్ల, 2 కిలోవాట్ల గీజరు 18 డిగ్రీల చన్నీళ్ళను 55 డిగ్రీలకు తేవడానికి 20 నిమిషాలు పడుతుంది. ఆ నీళ్ళలో చన్నీళ్ళు కలిపితే ఒంటికి సరిపడే వేడిలో 25 లీటర్లు, అంటే బకెట్టున్నర. నువ్వులనూనె, సున్నిపిండి వదలడానికి అది ఒక మనిషికే బొటాబొటి. నలుగురూ తలంటు అంటే రెండు గంటల పైమాటే, వేడినీళ్ళ వేళ దాటిపోతుంది. కాబట్టి పుట్టినరోజువాళ్ళకు తలంటు, మిగిలినవాళ్ళకు మామూలు స్నానం. జుట్టు ఆరకుండా వరండాలో కూర్చుంటే మాత్రం కథ కంటే ముందు తుమ్ములు మొదలవుతాయి. కొత్త బట్టలు, అక్షింతలు, టిఫిను అన్నీ తొమ్మిదిన్నరకు ముగించాలి.

ఫోన్లు ఆపలేం, కానీ వేళ కట్టచ్చు. శుభాకాంక్షలు ఎక్కువగా పొద్దున్న 7 నుంచి 9 లోపు, మళ్ళీ రాత్రి భోజనాల వేళ వస్తాయి. పొద్దుటివాటిలో అమ్మానాన్నలవి, అత్తమామలవి తీసి, మిగిలినవారికి భోజనమయ్యాక అరగంటలో తిరిగి చేస్తే సరిపోతుంది. వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కొక్కరికీ విడిగా థాంక్స్ చెప్పడం మొదలుపెడితే మాత్రం పొద్దు గుంకుతుంది.

తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర: ఇది అసలు పండగ. కుర్చీని ఎండలోకి లాగకూడదు, నేరుగా ఎండ పడే తెల్ల కాగితం మీద చూపు పదిహేను నిమిషాలు ఆగదు. కాళ్ళకు ఎండ తగిలేలా, పుస్తకం నీడలో ఉండేలా వరండా అంచున వేసుకోవాలి. ప్లాస్టిక్ కుర్చీలో ఒళ్ళో పుస్తకం పెట్టుకుంటే మెడ వంగి అరగంటలో లాగుతుంది. ఒళ్ళో దిండు పెట్టి దాని మీద పుస్తకం ఆనిస్తే పేజీ కళ్ళకు 40 సెంటీమీటర్ల దూరానికి వస్తుంది, మెడ నిటారుగా ఉంటుంది, చలికి వేళ్ళు దిండు కింద దాచుకోవచ్చు. పాదాలకు మేజోళ్ళు తప్పనిసరి. కాఫీ కప్పు కుర్చీ చేతి మీద కాదు, కింద నేల మీద పెట్టుకోవాలి.

నలుగురూ ఒకే చోట కూర్చుంటే ఒకరు నవ్వినప్పుడల్లా మిగిలిన ముగ్గురూ ‘ఏంటీ?’ అంటారు. గంటకోసారి పది నిమిషాలు మాట్లాడుకోవడానికి విడిచిపెట్టుకుంటే ఆ గొడవ తగ్గుతుంది. చదవడం ఇష్టంలేని మనిషి ఒకరు ఉంటే బలవంతం పనికిరాదు. పాయసం బాధ్యత వాళ్ళకు అప్పగిస్తే అందరికీ మంచిది.

పాయసానికి లీటరు పాలు మరిగాక వేయించిన సేమ్యా వేసి, మెత్తగా ఉడికాకే పంచదార కలపాలి. ముందే వేస్తే సేమ్యా బిరుసుగా నిలిచిపోతుంది. పొయ్యి మీద పల్చగా ఉందని ఇంకా కాచకూడదు, చల్లారేకొద్దీ అదే చిక్కబడుతుంది. చలిలో మరీ తొందరగా. ఒక కప్పు వేడి పాలు పక్కన ఉంచుకుని వడ్డించేటప్పుడు కలుపుకోవాలి. అరకు భోజనమంటే బొంగు చికెన్ అడుగుతారు. పచ్చి వెదురు గొట్టంలో మసాలా పట్టించిన కోడిముక్కలు కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాల్చాలి కాబట్టి ముప్పావుగంట పడుతుంది. పన్నెండింటికి చెబితే ఒంటిగంటకు ముట్టుతుంది. ఒంటిగంటకు చెబితే మధ్యాహ్నపు చదువు ఆకలికి బలి.

భోజనం, ఫోన్లు, అరగంట కునుకు. కునుక్కి అలారం పెట్టాలి. రెండున్నర నుంచి నాలుగున్నర మళ్ళీ పుస్తకం. నాలుగుముప్పావుకి వెలుగుండగానే కేకు. అప్పుడు ఫొటోలూ బాగా వస్తాయి, గాలికి కొవ్వొత్తులు ఆరిపోయినా ఎవరూ అపశకునం అనుకోరు, ఒక ఊదుడు మిగిలిందనుకుంటారు.

రాత్రి చలిమంట దగ్గర చదువుకుందామనే ముచ్చట చాలామందికి ఉంటుంది. మంట వెలుగు ఊగుతుంది, పొగ కళ్ళల్లోకి కొడుతుంది, పేజీ పట్టుకున్న చెయ్యి గడ్డకడుతుంది. మంట దగ్గర కబుర్లు చెప్పుకుని, ఎనిమిదింటికి గదిలోకి వచ్చి ఒకరు పైకి చదవడం, మిగిలినవాళ్ళు రగ్గుల్లో వినడం మేలు. 2,500 మాటల కథ పైకి చదివితే పాతిక నిమిషాల లోపు. వర్ణనలు ఎక్కువున్నవి వినేవాళ్ళను నిద్రపుచ్చుతాయి, సంభాషణలున్నవి ఎంచుకోవాలి. ఉత్తరాంధ్ర యాసలో ఉన్న కథను ఆ యాస రానివాళ్ళు అనుకరించబోతే సినిమా హాస్యంలా తయారవుతుంది. మామూలు గొంతుతో చదివితే యాస మాటల్లోంచి దానంతటదే వినిపిస్తుంది.

గురువారం, కాఫీ తోటలు, బొర్రా, తిరుగు రైలు

పొద్దున్న మంచు విడిచాక ఒక గంట చదివి, 11 గంటలకు గది ఖాళీ చేసి కారులో అనంతగిరి వైపు. తిరుగు టికెట్టు అరకు నుంచి తీసుంటే బొర్రా గుహలు స్టేషనులో ఎక్కుతామని బోర్డింగు ముందే మార్చుకోవాలి, లేకపోతే అరకులో మనిషి లేడని సీటు మరొకరికి పోవచ్చు. రోడ్డున అరకు నుంచి బొర్రా 35 కిలోమీటర్లకు అటూ ఇటూ.

డిసెంబరులో కాఫీ పళ్ళు ఎర్రబడి కోత నడుస్తుంటుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియం తీగ. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంటికి పొడి కొనేటప్పుడు చికోరీ కలిసిందో లేదో అడగాలి. చికోరీ లేని అరబికాతో ఫిల్టరులో ఎప్పటి కొలతే వేస్తే డికాక్షన్ పల్చగా దిగుతుంది, కాఫీలో పస లేదని తిట్టుకుంటారు. పొడి మరో చెంచా ఎక్కువ వేసి, పాలు తగ్గించాలి.

బొర్రా గుహల్లో మెట్లు తడిగా ఉంటాయి, చేతులు ఖాళీగా ఉండాలి, పుస్తకాలు కారులోనే ఉండటం మంచిది. బయట కోతులు సంచీలో తినేది ఉందనుకుంటే లాగేస్తాయి. జిప్ కవరు చప్పుడు వాటికి చిప్స్ పొట్లంలా వినిపిస్తుంది.

సాయంత్రం బండి ఎక్కేసరికి పొద్దు వాలుతుంది, కాసేపట్లో కిటికీ బయట చీకటి. వెళ్ళేటప్పుడు మూసేసిన పుస్తకానికి ఇప్పుడు అడ్డు లేదు. సొరంగానికీ ఆకాశానికీ తేడా తెలియదు కాబట్టి కళ్ళు జిగేలుమనడం ఉండదు. పెట్టెలో దీపం సీటుకు దూరంగా ఉంటే క్లిప్ దీపం తగిలించుకోవాలి. ఈ లైను మీద బైలడిల్లా ఇనుప ఖనిజం మోసే గూడ్సులు తిరుగుతుంటాయి, వాటి కోసం ప్రయాణికుల బండిని ఆపడం మామూలే. విశాఖలో ఆ రాత్రే మరో రైలు పట్టుకోవాల్సినవాళ్ళు కనీసం రెండున్నర గంటల ఎడం పెట్టుకోవాలి. లేనివాళ్ళకు అలా ఆగిన ప్రతిసారీ నాలుగైదు పేజీలు లాభం.

ఇంటికి చేరాక సంచీలోంచి పుస్తకాలు తీసి, ఎంత పొడిగా కనిపించినా, విసనకర్రలా విప్పి నిలబెట్టి ఒక రాత్రి ఫ్యాను కింద ఉంచాలి. ఎండలో పెడితే అట్టలు వంకర తిరుగుతాయి.